మూడో పుట్టగొడుగు

అరబ్బీలో 'ప' లేదు.
మొదటి రోజే డిపోలో ఈజిప్టు గుమాస్తా
నా పెంచలయ్యను బెంజాలా అని రాసుకున్నాడు.
అట్లా ఎనభై మూడులో, కువైట్‌లో, మిర్గాబ్ బస్టాండులో
జేబు మీద ఇంకొకడి పేరు తగిలించుకుని
నూట రెండో నంబరు బస్సెక్కాను.

తోలు సంచి. చిల్లర.
ప్రతి నాణెం మీదా ఒక తెరచాప పడవ.
పొద్దు గూకేసరికి భుజం కోసుకుపోయేది,
ఒక రేవు రేవంతా మోసినట్టు.

మే నెలలో మొదలయ్యేది అసలు కథ.
కడ్డీ పట్టుకుంటే అట్ల పెనం పట్టుకున్నట్టే.
కొందరు తువ్వాలు చుట్టి పట్టుకునేవాళ్లు.
కొందరు దేన్నీ పట్టుకోకుండా నిలబడటం నేర్చారు,
మలుపుకి ముందే ఒరిగేవాళ్లు, చెరుకు తోట ఒరిగినట్టు.
ఏసీ మాట తర్వాతి కాలానిది.
మాకు కిటికీలుండేవి, వాటిల్లోంచి ఇసక వచ్చేది.
టికెట్టు చింపితే ఇసక, చాయ్ తాగితే ఇసక,
రాత్రి మంచం మీద చెవి దులిపితే
సాల్మియా మొత్తం రాలేది.

డ్రైవరు గుల్ రహీమ్ స్వాత్ లోయవాడు.
గేరు మార్చినప్పుడల్లా బిస్మిల్లా.
బ్రేకు వేసినప్పుడు మాత్రం పష్తోలో ఇంకేదో.
ముందు సీట్లలో ఆడవాళ్లు లేనప్పుడే అనేవాడు కాబట్టి
కొంత అర్థమయ్యేది.
పక్క రేకు మీద నేను రెండు దెబ్బలు కొడితే పో,
ఒకటి కొడితే ఆగు.
ఏడేళ్లలో మేమిద్దరం మాట్లాడుకున్నది
దాదాపు అంతే.

శుక్రవారాలు ఆ ముందు సీట్లు మనవాళ్లవి.
రాజంపేట, కోడూరు, పుల్లంపేట.
వారానికి ఒక్క పూట యజమాని గడప దాటిన ఆడవాళ్లు.
ఊరికి పోయే ఎవరి చేతికో ఇవ్వడానికి
చీటీలు, సెంటు సీసాలు, మాటలు నింపిన క్యాసెట్లు.
"ఒక పక్క బాగానే ఉంది అన్నా,
రెండో పక్కంతా ఏడుపే వచ్చింది,
దాన్ని వినొద్దని చెప్పమను."

ఓబులమ్మకి అక్షరం రాదు, అంకె రాదు.
రోడ్డు పక్కన నీలం చారల నీళ్ల ట్యాంకులుంటాయే,
వాటిని లెక్కపెట్టుకునేది.
"మూడో పుట్టగొడుగు కాడ దింపు, పెంచలన్నా."
నిండుగా పలికేది నా 'ప'ని,
పెదాలు రెండూ తగిలేట్టు.

ఒక మంగళవారం, మిట్టమధ్యాహ్నం
చెప్పుల్లేకుండా ఎక్కింది.
ఎడం చెయ్యికి తడిగుడ్డ చుట్టుకుంది.
ఎందుకని నేను అడగలేదు.
ఎక్కడికని అడిగితే కిటికీలోకి చూసింది.
మూడో పుట్టగొడుగు దాటిపోయింది.
చేపల వాసన వచ్చింది, ఫహాహీల్ వచ్చింది,
అందరూ దిగారు.
గుల్ రహీమ్ అద్దంలో చూశాడు. ఇంజను ఆపలేదు.
మళ్లీ మిర్గాబ్. మళ్లీ ఫహాహీల్.
చెకింగ్ ఆయన ఎక్కేసరికి
ఆమె గుప్పిట్లో టికెట్టుంది,
కాళ్లకి నా చెప్పులున్నాయి.
నేను వేడి రేకు మీద
కొంగలాగా కాళ్లు మార్చుకుంటూ
చిల్లర లెక్కపెట్టుకుంటున్నాను.

చీకటి పడ్డాక గుల్ రహీమ్ దారి తప్పాడు.
పదకొండేళ్లు అదే దారిన నడిపినవాడు తప్పాడు.
సముద్రం పక్క రోడ్డెక్కి
మన జెండా ఉన్న గేటు ముందు
నేను కొట్టకుండానే ఆగాడు.

ఆమె దిగి, వెనక్కి తిరిగి ఏదో అంది.
ఇంజను మోతలో వినపడలేదు.
పెదాలు రెండూ కలిసి విడిపోవడం మాత్రం
గేటు దీపం వెలుగులో కనపడింది.

రెండు దెబ్బలు కొట్టాను.

ఆ రోజు లెక్కలో నూటయాభై ఫిల్సులు తక్కువ.
జీతంలో కోసుకుని రసీదు ఇచ్చారు,
బెంజాలా పేరు మీద.
ఇంకా ఉంది నా పెట్టెలో.
చెప్పులు మాత్రం కొత్తవి,
బొంబాయిలో విమానమెక్కే ముందు కొన్నవి,
కొంచెం కరిచేవి కూడా.